రాత్రి ఒంటిగంట దాకా కునుకు లేదు

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 46 ఏళ్లు. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో గుమాస్తాను. సీజన్ మొదలైనప్పటి నుంచి 10 గంటలకు పడుకున్నా ఒంటిగంట దాకా నిద్ర పట్టడం లేదు. టిక్కీల (మిర్చి బస్తాల) లెక్కలే బుర్రలో తిరుగుతుంటాయి. దొర్లి దొర్లి ఫోన్ చూస్తాను. రోజుకు ఆరేడు టీలు తాగుతాను, ఆఖరిది రాత్రి 7కి. మామూలు రోజుల్లో 6కే లేస్తాను. ఆదివారం మాత్రం 11 దాకా పడుకుంటాను. మాది పైఅంతస్తు, స్లాబు ఇల్లు. పక్కింటాయన తన నిద్రమాత్ర సగం వేసుకోమంటున్నారు. వేసుకోవచ్చా?
- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: వద్దండీ. ఆయనకు రాసిన మాత్ర ఆయనకే. కొన్ని నిద్రమాత్రలు అలవాటైతే మానడం చాలా కష్టం.

మీ ఉత్తరంలో నాకు ముందు కనిపించింది ఆదివారం. 11కి లేచిన మనిషి రాత్రి 10కి పడుకుంటే, ఆకలి లేకుండా విస్తరి ముందు కూర్చున్నట్టే. సోమవారం రాత్రి కూడా ఆ తేడా వెంటాడుతుంది. అందుకే ఆదివారమైనా సరే 6కే లేవండి. లేచి కాసేపు డాబా మీద తిరగండి. పొద్దుటి వెలుగు కంట్లో పడితేనే మెదడులోని గడియారం సరవుతుంది. మొదటి వారం నీరసంగా ఉంటుంది, బండి నడిపేటప్పుడు జాగ్రత్త.

టీలోని కెఫీన్‌లో సగం పోవడానికే సుమారు 5 గంటలు పడుతుంది. 7కి తాగిన టీ అర్ధరాత్రికి ఇంకా ఒంట్లోనే ఉంటుంది. యార్డులో టీకి పిలిస్తే కాదనడం కష్టమే. అయినా మధ్యాహ్నం 2 దాటాక మజ్జిగ అడగండి.

ఇక వేడి. నిద్ర పట్టాలంటే ఒంటి లోపలి ఉష్ణోగ్రత కాస్త తగ్గాలి. పగలంతా కాగిన స్లాబు రాత్రి దాకా సెగ కక్కుతుంటే ఎలా తగ్గుతుంది? విజయవాడ వన్ టౌన్‌లో ఉన్నప్పుడు మా అమ్మ సాయంత్రం అయిదున్నరకే బకెట్లతో డాబా తడిపేది. మొదటి బకెట్ పోయగానే చుయ్‌మని ఆవిరి లేచేది. మూడో బకెట్ అయ్యేదాకా మమ్మల్ని కాలు పెట్టనిచ్చేది కాదు. నీళ్లకు ఇబ్బంది లేకపోతే మీరూ అలా చేయండి. పడుకోవడానికి గంటా గంటన్నర ముందు గోరువెచ్చటి నీళ్లతో స్నానం చేయండి. చర్మానికి రక్తం బాగా చేరి, ఒంట్లో వేడి బయటికి పోతుంది.

రేపటి లెక్కలు భోజనానికి ముందే కాగితం మీద పెట్టేయండి. ఫోన్ హాల్లో ఛార్జింగ్‌కి పెట్టండి. 20 నిమిషాలైనా నిద్ర రాలేదనిపిస్తే, గడియారం చూడకుండా లేచి మసక వెలుతుర్లో కూర్చోండి. కళ్లు మూతలు పడితేనే మంచం ఎక్కండి. మంచమంటే దొర్లే చోటని ఒళ్లు నేర్చేసుకుంది, అది మరిపించాలి.

ఇంట్లో వాళ్లను ఒక మాట అడగండి. నిద్రలో గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగి, ఉక్కిరిబిక్కిరై లేస్తున్నారా? అలా అయితే ఇవన్నీ చేస్తూ కూర్చోకుండా ఈ వారమే డాక్టరుకు చూపించుకోండి. బీపీ కూడా చూపించుకోండి.