వ్యాక్యూమా, గ్యాసా అన్నది తర్వాత. ట్రిప్ సప్లై ఎక్కడిదో ముందు అడగండి

జమ్మికుంట దగ్గర జిన్నింగ్ మిల్లు పెడుతున్నాం, 11 కేవీ సర్వీసు, 500 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్, వీసీబీ (వ్యాక్యూమ్ సర్క్యూట్ బ్రేకర్) ప్యానెల్ మంచిదా, ఎస్‌ఎఫ్6 గ్యాస్ నింపిన ఆర్‌ఎంయూ (రింగ్ మెయిన్ యూనిట్, అంటే సీలు వేసిన స్విచ్‌గేర్ పెట్టె) మంచిదా అని అడిగారు. వరంగల్ చుట్టుపక్కల మిల్లుల్లో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చూస్తాను కాబట్టి చెబుతున్నా. మీ ఫుల్ లోడ్ 11 కేవీ వైపు 26 ఆంపియర్లే. ప్యానెల్ మీద రాసి ఉండే సామర్థ్యం 630 ఆంపియర్లు. పైగా చాలా ఆర్‌ఎంయూల్లో బ్రేకర్ వ్యాక్యూమ్‌దే, గ్యాస్ ఉండేది ఇన్సులేషన్ కోసమే. కాబట్టి బ్రేకర్ తెరుచుకునేటప్పుడు లేచే ఆర్క్‌ను (విద్యుత్ మంటను) ఏది బాగా ఆర్పుతుందని తల బద్దలు కొట్టుకోవద్దు. బ్రేకర్‌ను తెరిపించే ట్రిప్ కాయిల్‌కు సప్లై ఎక్కడి నుంచి వస్తుందో అడగండి.

పరకాల వైపు ఒక మిల్లులో, మంచి పత్తి సీజన్‌లో, తుఫాను వాన పడుతున్న రాత్రి ట్రాన్స్‌ఫార్మర్ కేబుల్ బాక్సులో ఫ్లాష్ అయింది. ప్యానెల్‌లో ఉన్నది మంచి వీసీబీనే. ఫాల్ట్‌ను పసిగట్టి బ్రేకర్‌కు ట్రిప్ ఆజ్ఞ ఇచ్చే పాత డిస్కు రిలే పనిచేసింది, పనిచేసినట్టు చూపే ఫ్లాగ్ పడింది. బ్రేకర్ మాత్రం కదల్లేదు. ఛార్జర్ ఫ్యూజు పోయి, ట్రిప్ కాయిల్‌కు సప్లై ఇచ్చే బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. ప్యానెల్ దీపాలు ఏసీ మీద వెలుగుతుంటే అంతా బాగానే ఉందనుకున్నారు. సబ్‌స్టేషన్‌లో ఫీడర్ బ్రేకర్ ట్రిప్ అయ్యేదాకా మంట ఆగలేదు. ఆ లైను మీది ఊళ్లన్నిటికీ కరెంటు పోయింది. లక్షలు పెట్టి కొన్న బ్రేకర్ ఒక బ్యాటరీ లేక ఊరికే నిలబడితే కడుపు మండదా?

అందుకే సెల్ఫ్ పవర్డ్ రిలే పట్టుబట్టి అడగండి. బ్యాటరీ అక్కర్లేకుండా ఫాల్ట్ కరెంటు నుంచే సీటీ (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) ద్వారా శక్తి తీసుకుని ట్రిప్ చేస్తుంది. సీటీ రేషియో మీ లోడుకు తగ్గట్టు ఉండాలి. మరీ పెద్దది పెడితే చిన్న ఎర్త్ ఫాల్ట్‌కు రిలే మేలుకోదు.

మీకు అసలు శత్రువు దూది. మామూలు ప్యానెల్‌లో బస్‌బార్లు (కరెంటు మోసే లోహపు పట్టీలు) గాలిలోనే ఉంటాయి. ఇన్సులేటర్ల మీద నూగు పేరుకుని, దానికి తేమ తగిలితే ట్రాకింగ్, అంటే ఇన్సులేటర్ పైపొర మీదుగా కరెంటు పాకడం, మొదలవుతుంది. ఆర్‌ఎంయూలో అన్నీ సీలు వేసిన స్టీలు ట్యాంకులో ఉంటాయి, ఆ బాధ లేదు. కానీ ఎస్‌ఎఫ్6 కార్బన్ డయాక్సైడ్ కన్నా 23 వేల రెట్లకు పైగా వేడిని పెంచే వాయువు. 24 కేవీ దాకా కొత్త స్విచ్‌గేర్‌లో దాన్ని వాడకుండా ఐరోపా సమాఖ్య 2026 జనవరి నుంచి, కొన్ని మినహాయింపులతో, నిషేధం పెట్టింది. డ్రై ఎయిర్ ట్యాంకు, వ్యాక్యూమ్ బ్రేకర్ ఉన్న ఆర్‌ఎంయూ మీ ధరలో దొరికితే కళ్లు మూసుకుని తీసుకోండి.

దొరక్కపోతే డ్రా-ఔట్ (ట్రాలీ మీద బయటికి లాగగలిగే) వీసీబీ పెట్టి, గదిని జిన్ హాలుకు దూరంగా కట్టండి. ట్రెంచ్ రంధ్రాలు మూయించండి, లేదంటే బల్లులు, ఎలుకలు దూరతాయి. ఆ గదిలో బోరాలు, పాత బెల్టులు పడేసే అలవాటు మన మిల్లుల్లో ఎప్పుడు పోతుందో! ఇంకో అలవాటు ఫోన్లోనే లైన్ క్లియర్ (కరెంటు ఆపామన్న అనుమతి) అడిగి పనిలోకి దిగడం. ట్రాలీ బయటికి లాగి, ఎర్త్ వేసి, తాళంచెవి పని చేసేవాడి జేబులో పడేదాకా మీ మిల్లులో ఎవరినీ కేబుల్ ముట్టనివ్వకండి.