కవర్ చిత్రంలో ఏ అంచు ఎక్కడ తెగుతుంది?

ప్రశ్న: మా ఊరి తెలుగువాళ్లం కొందరం కలిసి చిన్న సాహిత్య బృందాన్ని నడుపుకుంటున్నాము. బృందం పేరును తెలుగులోను, ఒడియాలోను రాయించి, వెనుక మహేంద్రగిరి ఫొటో పెట్టి, ఫ్లెక్సీలు వేసే దుకాణంలో ఫేస్‌బుక్ పేజీకి కవర్ చేయించాము. కంప్యూటర్‌లో పేరు మొత్తం కనబడుతోంది గాని, ఫోనులో చూస్తే రెండు చివరలా అక్షరాలు తెగిపోతున్నాయి. ఒత్తులు మరకల్లా ఉన్నాయి. రంగులు కూడా దుకాణంలో చూసినట్టు లేవు. ఎక్కడ పొరపాటు జరిగింది?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: మీరు చెప్పిన మూడు లోపాలకూ కారణాలు వేరువేరండి. ముందు అంచుల సంగతి చూద్దాము. ఫేస్‌బుక్ పేజీ కవర్ కంప్యూటర్‌లో 820 పిక్సెళ్ల వెడల్పు, 312 పిక్సెళ్ల ఎత్తుతో కనబడుతుంది. ఫోనులో అదే చిత్రం 640 వెడల్పు, 360 ఎత్తు ఆకారంలోకి వస్తుంది. అంటే కంప్యూటర్‌లో అది పొడవాటి పట్టీ, ఫోనులో ఇంచుమించు టీవీ తెర ఆకారం. మీ దుకాణంవారు 851, 315 కొలతతో చేసి ఉంటే, ఫోను అందులో మధ్యనున్న 560 పిక్సెళ్లనే చూపించి, ఇరువైపులా 145 చొప్పున వదిలేస్తుంది. మీ పేరు చివరలు పోయింది అక్కడే.

అందుకని 1640 వెడల్పు, 720 ఎత్తుతో కొత్త చిత్రం చేయించండి. కంప్యూటర్‌లో పైన 48, కింద 48 పిక్సెళ్లు పోతాయి. ఫోనులో ఎడమన 180, కుడిన 180 పోతాయి. ఎక్కడ చూసినా చెక్కుచెదరకుండా మిగిలేది నడిమి 1280, 624 భాగం ఒక్కటే కాబట్టి, పేరును ఆ భాగం దాటనివ్వకండి. మహేంద్రగిరి వాలు, ఆకాశం అంచుల దాకా పారవచ్చు, కొంత తెగినా కొండ కొండలాగే ఉంటుంది. కింది అంచు దగ్గర గుండ్రని ప్రొఫైల్ చిత్రం కవర్ మీదికి వస్తుంది గనుక ఊరి పేరు, ఫోన్ నంబరు వంటివి అక్కడ రాయించవద్దు.

ఇక ఒత్తుల విషయం. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. ఇంగ్లీషు పెద్దక్షరాలు ఒకే గీత మీద నిలబడతాయి. తెలుగు అక్షరానికి పైన గుడి, తలకట్టు, కింద ఒత్తు, ఒక్కోసారి ఒత్తు కింద మరో ఒత్తు ఉంటాయి. ఇంగ్లీషుకు సరిపోయిన పరిమాణమే తెలుగుకు పెడితే ఆ ఒత్తుకు దక్కేవి నాలుగైదు పిక్సెళ్లే. ఆపైన ఫొటోలను దాచడానికి మామూలుగా వాడే జెపెగ్ (JPEG) పద్ధతి చిత్రాన్ని 8 పిక్సెళ్ల చదరాలుగా విడగొట్టి కుదిస్తుంది. వెలుగునీడల తేడాలను జాగ్రత్తగానే నిలుపుతుంది గాని రంగుల తేడాలను తక్కువ వివరంతో దాచుకుంటుంది. నీలం మీద ఎరుపు అక్షరాలు అలుక్కుపోయేది ఇందుకే. ముదురు ఆకుపచ్చ మీద లేత పసుపు, నలుపు మీద తెలుపు వంటి జతలైతే వెలుగులోనే తేడా ఉంటుంది కాబట్టి నిలుస్తాయి. అక్షరాలున్న కవర్‌ను వివరాలు పోకుండా కుదించే పీఎన్‌జీ (PNG) ఫైలుగా దాచి ఎక్కించండి, ఒత్తుల అంచులు చాలావరకు దక్కుతాయి. ఒట్టి ఫొటో అయితే జెపెగ్ చాలు.

గీతలు మందంగా ఉన్న ఖతి (ఫాంటు) ఎంచుకోండి. మీ పర్లాకిమిడిలో పనిచేసిన గిడుగు రామమూర్తి గారి పేరుతో ఉచితంగా దొరికే 'గిడుగు' ఖతిని వాడాలని మీకు అనిపించడం సహజం, పెద్ద శీర్షికకు అది తగినదే. దాని కింద చిన్న అక్షరాలతో రాసే వాక్యానికి మాత్రం 'మండలి' వంటిది తేలికగా చదవడానికి వీలిస్తుంది. తెలుగు పంక్తి కింద ఒడియా పంక్తి వస్తే, మన ఒత్తులు వేలాడేచోటనే ఒడియా అక్షరాల గుండ్రని తలలు లేస్తాయి. ఆ రెండూ తగలకుండా పంక్తుల నడుమ ఎడం ఎక్కువగా ఉంచమని దుకాణంవారికి ప్రత్యేకంగా చెప్పండి. రెండు భాషలకూ సమానమైన చోటు ఇవ్వాలన్న మీ ఆలోచన నాకు ఎంతో నచ్చింది, అది ఇరుకులో నలిగిపోకూడదు.

రంగులు మారడానికి కారణం, ఫ్లెక్సీకి చేసే ఫైలు తరచుగా అచ్చుకు వాడే సీఎంవైకే (CMYK) రంగుల పద్ధతిలో ఉండడం. తెరకు ఎస్‌ఆర్‌జీబీ (sRGB) అనే రంగుల పద్ధతి కావాలి. పూర్తయిన ఫైలును వాట్సాప్‌లో ఫొటోగా కాక డాక్యుమెంట్‌గా పంపమనండి, ఫొటోగా పంపితే మరోసారి కుదించుకుపోతుంది.

ప్రశ్న: 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలప్పుడు మా ఘాట్ దగ్గర ఫోను నిలువుగా పట్టుకుని తీసిన ఫొటో ఒకటి ఉంది. దానిని నా యూట్యూబ్ ఛానెల్‌కు బ్యానర్‌గా పెట్టవచ్చునా?
– ఒక పాఠకుడు, సిరోంచ

జవాబు: పెట్టవచ్చును గాని నదిలో ఏ భాగం కావాలో మీరే తేల్చుకోవాలి. యూట్యూబ్ బ్యానర్‌కు 2560 వెడల్పు, 1440 ఎత్తు మంచి కొలత. ఫైలు 6 ఎంబీ దాటకూడదు. ఆ మొత్తం చిత్రం టీవీలో మాత్రమే కనబడుతుంది. ఫోనులో మిగిలేది నట్టనడుమ 1540 వెడల్పు, 420 ఎత్తు గల పట్టీ, అంటే ఎత్తులో మూడో వంతు కూడా కాదు. మీ ఫొటో 3000 వెడల్పు, 4000 ఎత్తు ఉన్నదనుకుంటే, అందులోంచి 3000, 1688 ముక్కను కత్తిరించి, 2560కు తగ్గించుకోవచ్చు. నీటి అంచు, మెట్లు, స్నానం చేసేవారు ఒకే అడ్డపట్టీలో ఒదిగేచోటు చూసుకోండి. నిలువు ఫొటోను అడ్డంగా సాగదీస్తే మనుషులు పొట్టిగా, లావుగా అయిపోతారు, ఆ పని ఎన్నడూ చేయవద్దు. ముఖాలు గుర్తుపట్టేంత దగ్గరగా ఉన్నవారెవరైనా ఉంటే వారిని అడిగిన తరువాతనే పెట్టండి. స్నానఘట్టపు ఫొటో కదా.

ప్రశ్న: కవర్ చిత్రం 300 డీపీఐ ఉండాలని మా ఫొటో స్టూడియోవారు అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: ఆ లెక్క కాగితానికి చెల్లుతుంది, అంగుళంలో ఎన్ని చుక్కలు అచ్చు వేయాలో అది చెబుతుంది. తెర మీద పిక్సెళ్ల సంఖ్యే లెక్క. 1640, 720 చిత్రానికి 72 అని రాసి ఉన్నా, 300 అని రాసి ఉన్నా ఫేస్‌బుక్‌లో ఒకేలా కనబడుతుంది.