విదేశీ చందా బిల్లు పెరిగిందని అప్పు తెచ్చి ముందే కట్టేయాలా?

ప్రశ్న: నేను సొంతంగా డిజైన్ పనులు చేస్తుంటాను. ఒక విదేశీ సంస్థ సాఫ్ట్‌వేర్‌కు ఏడాది చందా 600 డాలర్లని చూసి, ఆనాటి మారకపు రేటుతో లెక్క వేసుకుని క్రెడిట్ కార్డుతో కట్టాను. స్టేట్‌మెంట్‌లో అనుకున్నదానికన్నా దాదాపు 19 శాతం ఎక్కువ పడింది. అంత డబ్బు సిద్ధంగా లేక, కనీస మొత్తం మాత్రం కట్టి మిగతాది వాయిదా వేస్తున్నాను. డాలర్లలోనే కట్టిన మరో సేవను రద్దు చేసుకుంటే, కట్టినదానికన్నా తక్కువ వెనక్కి వచ్చింది. డాలరు ఇంకా పెరుగుతుందంటున్నారు. 18 శాతం వడ్డీకి వ్యక్తిగత రుణం తీసుకుని రాబోయే 3 ఏళ్ల చందా ఒకేసారి కట్టేయవచ్చా? సంస్థ మీద ఫిర్యాదు చేస్తే ఫలితం ఉంటుందా?

జవాబు: రుణం తీసుకోకండి. మీ ఉత్తరంలో కరెన్సీ గురించి నాలుగు ప్రశ్నలున్నట్లు కనిపిస్తున్నా, నన్ను కలవరపెట్టింది మీరు దాదాపు దారిన పోతూ చెప్పిన ఒక్క మాట: “అంత డబ్బు సిద్ధంగా లేక.” ఏడాదికి ఒకసారి వచ్చే బిల్లు ఐదో వంతు పెరిగితే కార్డు బాకీలోకి జారిపోయే పరిస్థితిలో ఉన్నవారికి మారకపు రేటు అసలు సమస్య కాదు. ఇదే పొరపాటు చేసేవారు చాలామంది ఉన్నారు కాబట్టే మీ ప్రశ్నను ఎంచుకున్నాను.

ముందుగా ఆ 19 శాతం ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. మీరు పంపిన రసీదు ప్రకారం చివరి పేజీలో 10 శాతం పన్ను కలిసింది. 100 అనుకున్నది అక్కడికే 110 అయింది. తర్వాత “మీ సొంత కరెన్సీలో చెల్లించండి” అన్న మీట నొక్కారు. అలా నొక్కినప్పుడు మార్పిడి చేసేది మీ కార్డు సంస్థ కాదు, అమ్మకందారు తరఫున పనిచేసే చెల్లింపుల సంస్థ. అది తనకు నచ్చిన రేటు వేస్తుంది. మీ విషయంలో ఆ తేడా 5 శాతం, అంటే 115.50. సొంత కరెన్సీలో కట్టాను కాబట్టి విదేశీ లావాదేవీ రుసుము ఉండదని మీరు భావించినట్లున్నారు. అమ్మకందారు విదేశంలో ఉంటే చాలు, చాలా కార్డులు ఆ రుసుము వేస్తాయి. మీ కార్డు 3 శాతం వేసింది, మొత్తం 118.97కు చేరింది. దేనికదే చిన్న అంకె, కానీ ఒకదాని మీద ఒకటి లెక్కకట్టేసరికి తడిసి మోపెడైంది.

ఇందులో మీరు పూర్తిగా తప్పించుకోగలిగింది ఆ 5 శాతాన్ని. అమ్మకందారు కరెన్సీలోనే కట్టి, మార్పిడిని కార్డు సంస్థకు వదిలేయడం దాదాపు ఎప్పుడూ చవక. వీసా, మాస్టర్‌కార్డ్ తమ రేట్లను తమ సైట్లలోనే చూపిస్తాయి. ఇంటర్నెట్‌లో వెతికితే కనిపించే సగటు రేటుతో కాకుండా వాటితో లెక్క వేసుకోండి. అయినా లావాదేవీ ఖరారైన రోజు రేటు వర్తిస్తుంది గనుక, కొన్న రోజు లెక్కకు కొద్దిగా తేడా రావచ్చు. ఐరోపా సమాఖ్యలో 2020 ఏప్రిల్ నుంచి ఇలాంటి మార్పిడిపై ఎంత శాతం అదనంగా పడుతుందో ముందే చూపించాలన్న నిబంధన ఉంది; మిగతా చోట్ల అది కంటికి ఆనకపోవచ్చు. ఇంకొక్క మాట: అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, సింగపూర్‌ల డాలర్లన్నింటికీ గుర్తు ఒకటే కాబట్టి, గుర్తును కాక దాని పక్కనుండే మూడక్షరాల కోడ్‌ను చూడండి.

ఫిర్యాదు సంగతి. సొంత కరెన్సీ మీట మీరే నొక్కారు కాబట్టి మొదటి బిల్లు మీద వాదన నిలవదు. ఎంచుకునే అవకాశమే ఇవ్వకుండా మార్చి ఉంటే అది వేరే సంగతి. రీఫండ్ విషయంలో పరీక్ష ఒక్కటే: ఎన్ని డాలర్లు కట్టారో అన్ని డాలర్లు వెనక్కి వచ్చాయా? వస్తే సంస్థ తప్పు లేదు. వాపసు వచ్చిన రోజు రేటు వేరు, కార్డు వసూలు చేసిన రుసుము తరచూ తిరిగి రాదు. మీకు కనిపించిన లోటు ఆ రెండింటిదే.

ఇక మీ రుణ ఆలోచన. డాలరు పెరుగుతుందన్న భయంతో 18 శాతం వడ్డీకి అప్పు తేవడం ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడం వంటిది. డాలరు ఏటా 5 శాతం చొప్పున పెరుగుతుందనే అనుకుందాం. ఇవాళ ఒక్కో ఏడాదికి 100 అయ్యే చందాకు వచ్చే మూడేళ్లలో 105, 110, 116 చొప్పున మొత్తం 331 కడతారు. ముందే కట్టేస్తే 31 మిగులుతుంది. అందుకోసం 300 అప్పు తెచ్చి 36 నెలల్లో తీర్చితే వడ్డీయే 90 దాటుతుంది. పైగా ఈ మూడేళ్లలో ఆ సాఫ్ట్‌వేర్ మీకు అవసరం లేకపోవచ్చు, సంస్థ దాన్ని ఆపేయవచ్చు, డాలరు తగ్గనూ వచ్చు. రేటు ఎటు పోతుందో తమకు తెలుసనుకుని అప్పు చేసినవారికి గుణపాఠాలు కొత్తవి కావు: వడ్డీ తక్కువని పోలండ్, క్రొయేషియాలలో ఎంతోమంది స్విస్ ఫ్రాంకులలో గృహరుణాలు తీసుకున్నారు, 2015 జనవరి 15న స్విస్ కేంద్ర బ్యాంకు, ఫ్రాంకు మరీ బలపడకుండా తాను పెట్టిన యూరోకు 1.20 ఫ్రాంకులన్న హద్దును ఎత్తేయగానే ఫ్రాంకు విలువ ఎగిసి, ఒక్క రోజులో వారి బాకీ వారి సొంత కరెన్సీలో ఎగబాకింది. కరెన్సీ మీద పందెం కాయడమే ప్రమాదం. అప్పు తెచ్చి కాయడానికి నా దగ్గర మర్యాదైన మాట లేదు.

ఇప్పటికే మీ మెడకున్న అప్పు ఇంతకన్నా ఖరీదైనది. మీ కార్డు నెలకు 3 శాతం వేస్తోంది. చక్రవడ్డీతో అది ఏడాదికి దాదాపు 43 శాతం. అదనంగా పడిన ఆ 19ని తీర్చకుండా వదిలేస్తే ఏడాది తిరిగేసరికి 27 అవుతుంది. కనీస మొత్తం కట్టినంత మాత్రాన వడ్డీ ఆగదు. అంతేకాక, బాకీ మిగిలి ఉన్నంతకాలం సాధారణంగా కొత్త కొనుగోళ్ల మీద కూడా మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది. కాబట్టి ఆ కార్డుతో కొత్తగా ఏమీ కొనకండి.

మీకు కావలసింది అత్యవసర నిధి. నెల జీతం లేనివారికి, పని వచ్చిన నెల ఒకలా రాని నెల మరోలా గడిచేవారికి, ఆరు నెలల ఖర్చుకు తగ్గకుండా ఉండాలన్నది నా పట్టుదల. ఆ ఖర్చు లెక్కించేటప్పుడు ఇంటి అవసరాలతో ఆపేస్తారు చాలామంది. మీ సంపాదన ఆధారపడిన సాఫ్ట్‌వేర్, నిల్వ, ఇతర సేవల చందాలను కూడా కలపండి, విదేశీ కరెన్సీలో ఉన్నవాటిని నేటి రేటు మీద 20 శాతం పెంచి రాసుకోండి. పని దొరకని నెలలోనే ఆ చందా గడువు ముగిస్తే, పని చేయడానికి పరికరమూ ఉండదు. ఈ డబ్బు అడిగిన రోజో మర్నాడో చేతికి రావాలి. షేర్లలో పెట్టి అత్యవసర నిధి అని పేరు పెట్టుకోకండి. కార్డు బాకీ మొత్తం తీర్చాకే పొదుపు మొదలుపెట్టమని కొందరు చెబుతారు, అంకెల పరంగా అది సబబే. నేను మాత్రం ముందు ఒక నెల ఖర్చు పక్కన పెట్టి, ఆపైన మిగిలే ప్రతి పైసా కార్డుకు కట్టమంటాను. ఆ కాస్త ఆసరా లేకపోతే తర్వాతి అనుకోని బిల్లు కూడా మళ్లీ అదే కార్డు మీదికే వెళుతుంది. బాకీ తీరాక మిగతా అయిదు నెలలది పూర్తి చేయండి.

విదేశీ లావాదేవీ రుసుము తక్కువగా ఉన్న కార్డు, పలు కరెన్సీలు దాచుకునే ఖాతా వంటివి ఉపయోగమే. బాకీ తీరాక చూసుకోండి. డాలర్లలో మీకు ఆదాయం వచ్చేదుంటే దాన్ని మార్చకుండా చందాలకు వాడడం వీటన్నిటికన్నా తేలిక.

ఏడాది చందా మాత్రం అత్యవసరం కాదు, దాని తేదీ మీకు తెలుసు. దానికి నిధిని ముట్టుకోకుండా, 600 డాలర్లకు 20 శాతం కలిపి 720గా తీసుకుని, నెలకు 60 డాలర్లకు సరిపడా మొత్తాన్ని వేరే ఖాతాలో వేయండి. ఈసారి డాలర్లలోనే కడితే పన్ను, రుసుము కలిపి 680 అవుతుంది. మిగిలిన 40 డాలర్లే రేటు కదలికకు మీకున్న వెసులుబాటు. ఆటో రెన్యువల్‌ను ఇవాళే ఆపేసి, గడువుకు నెల రోజుల ముందు ఆ ఖాతాలో ఎంత ఉందో చూశాకే కొనసాగించాలో లేదో నిర్ణయించండి.