టేపర్ మీద బిగిసిన క్లచ్: అల్లుడికి ఉత్తరం

చి. అల్లుడికి, నర్సాపురం నుంచి మావయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. మీ అత్తయ్య నిన్ను మరీ మరీ అడిగానని రాయమంది.

బీచిలో తిప్పే ఆ పెద్ద నాలుగు చక్రాల బండి (ఏటీవీ) క్లచ్ ఎంతకీ ఊడి రావట్లేదని రాసి, నువ్వు పంపిన ఫొటోలు చూశాను. క్లచ్ అంటే ఇంజను పక్కన బెల్టుని తిప్పే ఆ ముందు పుల్లీయే కదా. ముందు ఆ టైరు లివర్లు తీసి అవతల పడెయ్. లోపలి పుల్లీకీ ఇంజనుకీ మధ్య సందులో దూర్చి ఎత్తినట్టు గీతలు కనపడుతున్నాయి. అక్కడ దన్ను పెట్టి ఎత్తితే క్లచ్ రాదు సరికదా, పుల్లీ ముఖం వంగుతుంది, లేదంటే అంచు పెచ్చూడిపోతుంది. అది పోత అల్యూమినియంరా. వంగిన ముఖం మీద బెల్టు సమంగా కూర్చోదు. బండి వణుకుతుంది, బెల్టు కాలిపోతుంది. మూడు కాళ్ళ పుల్లర్ అంచులకి తగిలించి లాగడం కూడా అదే బాపతు. ఇప్పటిదాకా ఏదీ విరగలేదు, అదృష్టం.

నీకు యాక్టివాల అలవాటు. గేర్లు లేని స్కూటర్లో నట్టు ఊడితే ముందు పుల్లీ పళ్ళ మీద నుంచి జారి చేతిలోకి వచ్చేస్తుంది. బీచిలో పిల్లల్ని తిప్పే చిన్న 150 సీసీ చైనా బళ్ళలో కూడా చాలావాటికి అంతే. పొలారిస్ కంపెనీ వాటిలాంటి పెద్ద బళ్ళ తీరు వేరు. అక్కడ క్రాంకు, అంటే ఇంజను తిప్పే ఇరుసు, చివరికి సన్నబడుతూ కోసుగా, పళ్ళు లేకుండా నున్నగా ఉంటుంది. టేపర్ అనేది దాన్నే. క్లచ్ మధ్య ఉక్కు గొట్టం లోపల కూడా అదే కోసు. రెండూ ఒకదాన్నొకటి కరుచుకుంటాయి. బైకు మ్యాగ్నెట్‌కి ఉన్నట్టు దీనికి కీ (జారకుండా గాడిలో పెట్టే ఇనుప ముక్క) కూడా ఉండదు. ఇంజను బలమంతా చక్రాలకి పోయేది ఆ రాపిడి మీదే. వాలు అంత తక్కువ పెట్టింది కూడా అందుకే, ఒకసారి బిగిస్తే తనంతట తను వదలకూడదని. నువ్వు మధ్య బోల్టు ఊడదీసి, ఇంకా ఎందుకు రావట్లేదని కొట్టుకుంటున్నావు. బోల్టు తీసేస్తే సగం పనే అయినట్టు.

దానికి తోడు మన ఉప్పు. అంతర్వేది ఇసుకలో తిరిగే బండికి గాలిలోనే ఉప్పు అంటుతుంది. సాయంత్రం కడుగుతున్నామంటారు ఆసాములు. ఏ నీళ్ళతో? వేసవిలో కాలవలు కట్టేశాక, ఏట్లో పైనుంచి వచ్చే నీరు తగ్గిపోయి పోటు నీళ్ళు పైకి తన్నుకొస్తాయి. అప్పుడు వశిష్ట గోదావరి రేవులో బండి కడగడమంటే ఉప్పు మీద ఉప్పు పుయ్యడమే. ఆ తడి కవరు లోపలికి పోయి టేపర్ అంచున తుప్పు పట్టిస్తుంది. ఇసుక కూడా తోడైతే చెప్పక్కర్లేదు.

ఇక పని. మధ్య బోల్టు తీసేశావు, బెల్టు కూడా తీసేసే ఉంటావు. క్లచ్ ఊడదియ్యడానికి ఒక్కటే సాధనం, ఆ మోడలుకి సరిపోయే పుల్లర్ బోల్టు. అది క్లచ్ గొట్టంలోని మరలకి పట్టి, దాని మొన క్రాంకు చివర ఆనుతుంది. బిగించేకొద్దీ క్రాంకుని నెడుతుంది, క్లచ్ వెనక్కి రావాలి. పొడవు తేడా వచ్చినా, మర తేడా వచ్చినా క్రాంకు లోపలి మరలు నలిగిపోతాయి. అప్పుడు ఆసామికి చెప్పాల్సిన ఖర్చు క్లచ్‌ది కాదు, ఇంజన్‌ది. అందుకని చేత్తోనే తిప్పి చూడు. కొన్ని చుట్లు హాయిగా లోపలికి పోవాలి. చేతికి పోనిదాన్ని రెంచితో బలవంతంగా తోసెయ్యకు.

రాజోల్లో లేత్ షాపులో ఒకటి చేయిస్తానని రాశావు. మామూలు ఇనుపకడ్డీతో మాత్రం వద్దు. లోపల విరిగితే దాన్ని తియ్యడానికి ఇంకో పది రోజులు పడుతుంది. ఈఎన్ 24 అనే గట్టి మిశ్రమ ఉక్కు తెప్పించి, గట్టిపరిచి చేస్తామంటే సరే. మొన గుండ్రంగా, నున్నగా ఉండాలి.

మరలకీ మొనకీ గ్రీజు రాసి, బారు పిడి ఉన్న రెంచితో బిగించు. గాలితో కొట్టి నట్లు తిప్పే గన్ను మొదటే వాడకు. దాని దెబ్బలకి క్రాంకు చివర పువ్వులా విచ్చుకుంటుంది. క్లచ్ తిరగకుండా పట్టుకోవాలి కదా అని పైనున్న స్పైడర్ (సాలీడు కాళ్ళలా చేతులున్న భాగం) చేతుల మధ్య స్క్రూడ్రైవరు గుచ్చకు, అవి టప్పున విరుగుతాయి. బెల్టు రెంచి గానీ, ఆ క్లచ్‌కి చేసిన పట్టుడు కడ్డీ గానీ వాడు. బాగా బిగిశాక పుల్లర్ తల మీద సుత్తితో ఒక్కటంటే ఒక్క దెబ్బ, నిటారుగా, గట్టిగా, కానీ మితంగా. సమ్మెట తియ్యకు. ఆ క్రాంకు ముక్కలు నొక్కి కూర్చినదైతే పెద్ద దెబ్బకి వరస తప్పుతుంది, బేరింగులు కూడా దెబ్బతింటాయి. దెబ్బ వెయ్యడం, మళ్ళీ కాస్త బిగించడం, మళ్ళీ దెబ్బ. కదలకపోతే బిగింపు అలాగే ఉంచి ఇంటికెళ్ళి పడుకో. తెల్లారి వచ్చేసరికి కొన్నిసార్లు క్లచ్ వదిలేసి ఉంటుంది. ఊడేటప్పుడు తుపాకీ పేలినట్టు మోత వస్తుంది. ఎదురుగా నిలబడకు, కుర్రాడిని కూడా నిలబడనివ్వకు. కింద పాత టైరు వెయ్యి, కాలి మీద పడితే బరువైన సరుకు.

ఇంకా మొండికేస్తే గ్రీజు పద్ధతి. ఇదే నాకు ఎక్కువ నమ్మకం. పుల్లర్ తీసేసి క్లచ్ గొట్టం లోపల, క్రాంకు కన్నం దాకా బేరింగు గ్రీజు కూరు, గాలి బుడగ మిగలకూడదు. పుల్లర్ మరలకి బోరు మోటారు పైపులకి చుట్టే తెల్ల టేపు నాలుగైదు చుట్లు చుట్టు. ఇప్పుడు బిగిస్తే గ్రీజుకి పోవడానికి దారి ఉండదు. నలగని ద్రవం కాబట్టి అది నాలుగు వైపులా నెడుతుంది, క్లచ్‌ని బయటికి తోసేస్తుంది. కొందరు గ్రీజుకి బదులు నీళ్ళు పోస్తారు, సూత్రం అదే. కానీ నీళ్ళు నిలవాలంటే బండిని పక్కకి పడుకోబెట్టాలి. మూడు క్వింటాళ్ళ దాకా తూగే బండిని పడుకోబెడితే పెట్రోలు, బ్యాటరీ, ఇంజనాయిలు అన్నీ తంటాలే. మన షెడ్డులో గ్రీజే మేలు. ఏది వాడినా కళ్ళద్దాలు పెట్టుకో. ఆ ఒత్తిడిలో టేపు సందులోంచి చిమ్మితే కంట్లోకే వస్తుంది. గ్రీజు పెట్టాక సుత్తి పని తగ్గించు.

వేడి గురించి అడిగావు. గ్యాసు మంట వద్దు. క్లచ్ వెనకాలే క్రాంకు సీలు ఉంటుంది, రబ్బరు. అది మాడిందంటే ఆయిలు కారి బెల్టు మీద పడుతుంది. పుల్లీ అల్యూమినియం కూడా ఒకచోట వేడెక్కితే మెత్తబడుతుంది. హీట్ గన్ను ఉంటే బిగింపు ఉంచి, గొట్టం చివర మాత్రం కొంచెం కాక ఇవ్వు, చాలు. తుప్పు వదిలించే స్ప్రే కొడతారు గానీ, బిగిసిన టేపర్ లోపలికి అది ఎంత పోతుందో నాకు నమ్మకం లేదు. తర్వాత తుడవడానికి పని పెరుగుతుంది, అంతే.

ఊడొచ్చాక తొందరపడకు. క్రాంకు మీదా, క్లచ్ లోపలా గోధుమరంగు పొడి ఉంటుంది. నున్నటి స్కాచ్‌బ్రైట్‌తో మెల్లగా తుడువు, ఎమరీతో అరగదియ్యకు. చేతికి గట్టు తగిలితే, గుంట పడితే నాకు ఫొటో పెట్టు. రెండూ సమంగా ఆనుతున్నాయో లేదో తెలియాలంటే ప్రష్యన్ బ్లూ (గుర్తు పడే నీలి రంగు ముద్ద) పల్చగా రాసి, క్లచ్ తొడిగి, తీసి చూడు. రంగు చుట్టూ సమంగా అంటాలి, ఒకపక్కే అంటితే అక్కడే పట్టు ఉందన్నమాట. తర్వాత బ్రేక్ క్లీనరుతోనో అసిటోన్‌తోనో రెండు వైపులా జిడ్డు లేకుండా కడిగెయ్. నువ్వు పెట్టిన గ్రీజు క్రాంకు కన్నంలో ఒక్క చుక్క మిగలకూడదు. బోల్టు మరల మీద జిడ్డు ఉంటే టార్క్ రెంచి సరిగ్గా చెప్పినా బిగింపు ఎక్కువైపోతుంది.

ఇక్కడే చాలామంది వెధవ పని చేస్తారు. ఈసారి సుఖంగా రావాలని టేపర్‌కి గ్రీజో, ఉప్పుకి తుప్పు పట్టకుండా రాగి పొడి కలిపిన పేస్టో రాస్తారు. రాయకూడదు. పట్టు రాపిడిలో ఉంటే జిడ్డు రాసి ఏం పట్టిస్తావు? జిడ్డుతో క్లచ్ మరీ లోపలికి ఎక్కిపోతుంది కూడా, గొట్టం చీలొచ్చు. టేపర్ పొడిగా తొడగాలి. మధ్య బోల్టు మాత్రం ఆ మోడలు మాన్యువల్ ఏం చెబితే అంతే. అంచనాకి బిగించకు.

అన్నట్టు, క్లచ్ మూత నువ్వు విప్పకు. లోపల స్ప్రింగు నొక్కి ఉంటుంది, తటాలున విదిలిస్తుంది. విప్పాల్సొస్తే మూతకీ స్పైడర్‌కీ పుల్లీకీ ఒకే గీత పడేలా మార్కరుతో గుర్తు పెట్టుకుని, అన్ని బోల్టులూ కొంచెం కొంచెంగా వదులు చెయ్యి.

ఆసామికి ఒక మాట ముందే చెప్పెయ్. మాఘమాసంలో అంతర్వేది తీర్థం దగ్గరపడుతుంటే ఆయన తొందర ఆయనది. తేదీకి ఇస్తానని మాటివ్వకు. టేపర్ చూశాకే చెబుతాననెయ్. కొత్త క్లచ్ ధర కూడా ముందే కనుక్కుని ఆయన చెవిన వెయ్యి.

బండి ఇచ్చేటప్పుడు బెల్టు కవరు రబ్బరు సీళ్ళు చూడు, గాలి గొట్టం చిరిగితే మార్చు. కవరు అడుగున నీళ్ళు పోయే బిరడా ఎక్కడుందో ఆసామికి వేలు పెట్టి చూపించు. కవర్లోకి నీళ్ళు పోయిన రోజు బిరడా తీసి, న్యూట్రల్‌లో పెట్టి కాసేపు ఇంజను రేజ్ చెయ్యమను, తడి బయటికి వచ్చేస్తుంది. వేసవిలో మంచినీళ్ళ కుళాయి దగ్గరే కడగమను.

నా పుల్లర్ రేపు పంటు (ఏరు దాటించే పడవ) మీద పంపుతున్నాను. సఖినేటిపల్లి రేవులో తీసుకో. మొన నున్నగానే ఉంది, మర నీ బండికి సరిపోతుందో లేదో ముందు చేత్తో తిప్పి చూడు. పనయ్యాక తుడిచి, కాస్త నూనె రాసి, వచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపెయ్. ఇక్కడ ఇంకో బండి వచ్చి ఉంది.

ఇట్లు,
మీ మావయ్య