నిద్రపుచ్చే కథ వేరు, మేలుకొలిపి ఉంచే కథ వేరు

పడుకునే ముందు పిల్లలకు ఎలాంటి కథలు చెప్పాలని, పిట్టకథ, గొలుసుకథ, నీతికథ, కట్టుకథ అని మనం వాడే మాటల మధ్య తేడా ఏమిటని మీరు అడిగారు. ఇద్దరు పిల్లలకు ఏళ్ల తరబడి రాత్రిపూట కథలు చెప్పిన అనుభవంతో రెండింటికీ కలిపే జవాబు రాస్తున్నాను, ఎందుకంటే కథ ఏ రకానిదో తెలిస్తేనే అది ఏ వేళకు తగినదో తేల్చుకోగలం.

రాత్రిపూట చెప్పే కథలన్నీ నిద్ర కోసం పుట్టినవి కావు. సాహిత్యంలో పేరుపడ్డ రాత్రి కథలను చూడండి. శుకసప్తతిలో భర్త ఊళ్లో లేని ఇల్లాలు రాత్రివేళ గడప దాటకుండా చిలుక 70 కథలు చెప్పి ఆపుతుంది. బేతాళ కథల్లో ప్రతి కథ చివరా ఒక చిక్కుప్రశ్న ఉంటుంది, రాజు నోరు విప్పి జవాబు చెప్పగానే బేతాళుడు శవంతో సహా మళ్లీ చెట్టెక్కుతాడు. అరేబియా రాత్రుల కథల్లో, తెల్లవారితే తనను చంపించబోయే రాజుకు కథలు చెప్పే షహ్రజాద్ తెల్లవారేసరికి కథను సగంలో నిలిపి ఆ పూటకు ప్రాణం దక్కించుకుంటుంది. ఇవన్నీ కథలో కథగా అల్లినవి, వినేవారి కన్ను మూతపడకుండా చూడటమే వాటి పని. ఆ అల్లికను పడకమీదికి తెస్తే పిల్లలు దుప్పటి తోసేసి "తరువాత ఏమైంది?" అని లేచి కూర్చుంటారు. అది కథ లోపం కాదు, దాన్ని ఎంచుకున్న వేళలోనే పొరపాటు ఉంది.

నిద్రకు అన్నిటికన్నా అనువైనది గొలుసుకథ అని నా గట్టి అభిప్రాయం. మనందరికీ తెలిసిన ఏడు చేపల కథ ఇలాంటిదే. చేప ఎండకపోవడానికి గడ్డి అడ్డం, గడ్డిని ఆవు మేయకపోవడానికి కాపరి కారణం, ఇలా ఒకరిమీద ఒకరు చెప్పుకుంటూ పోయి చివరికి చీమ దగ్గర ఆగుతుంది. ఇందులో విలన్ లేడు, భయం లేదు, ముందు ఏం జరగబోతోందో బిడ్డకు తెలుసు. ప్రపంచంలోని జానపద కథలను రకాలుగా విడదీసి అంకెలిచ్చిన సూచి ఒకటి ఉంది. ఫిన్లాండ్‌కు చెందిన ఆంటీ ఆర్నే 1910లో దాన్ని మొదలుపెట్టగా, అమెరికా పండితుడు స్టిత్ థాంప్సన్ 1928లోనూ 1961లోనూ విస్తరించారు, 2004లో హాన్స్ యోర్గ్ ఊథర్ సవరించారు. ఆ సూచిలో జంతుకథలు 1 నుంచి మొదలైతే, మాట మీద మాట పేర్చుకుంటూ పోయే కథలకు 2000 నుంచి విడిగా ఒక వర్గమే ఉంది. అంటే ఈ అల్లిక ఏ ఒక్క జాతి సొత్తూ కాదు.

గొలుసుకథ చెప్పేటప్పుడు వరుస మారిస్తే పిల్లలు ఊరుకోరు. మా చిన్నదానికి కాపరి తరువాత ఆవును చెప్పబోతే, అప్పటికే కళ్లు మూసుకుని ఉన్న పిల్ల, "కాదు, ముందు ఆవు" అని సరిదిద్దేది. రోజూ అదే కథ అడుగుతున్నారని విసుక్కోవద్దు. 2011లో సస్సెక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మూడేళ్ల పిల్లలకు కథలు చదివి వినిపించారు. రకరకాల కథలు విన్నవారికన్నా అవే కథలు మళ్లీ మళ్లీ విన్నవారు కొత్త మాటలను బాగా నేర్చుకున్నారని వారు గమనించారు. చెప్పే మనకు విసుగు పుట్టించే చోటే వినే బిడ్డకు ఊరట దొరుకుతుంది.

ఇక మిగిలిన మాటల సంగతి. పిట్టకథ అంటే ప్రసంగవశాత్తు మధ్యలో దూర్చే చిన్న కథ, ఆలస్యమైన రాత్రి అదొక్కటే చాలు. కట్టుకథ అంటే కల్పించినది. లోకంలో ఈ మాటకు అబద్ధమనే చెడ్డపేరు ఉన్నా, అప్పటికప్పుడు బిడ్డనే నాయకుణ్ని చేసి అల్లే కథను ఇంతకన్నా బాగా పిలిచే మాట నాకు దొరకలేదు. పొడుపుకథకు పేరులో కథ ఉన్నా అది విప్పవలసిన ప్రశ్న, దాని చోటు పడక ఎక్కకముందే. నీతికథను మాత్రం పగటికి దాచుకోమంటాను. "దీన్నిబట్టి మనకు తెలిసేదేమిటి?" అనగానే బిడ్డ ఆలోచనలో పడుతుంది, ఎదురు ప్రశ్న వేస్తుంది, కొన్నిసార్లు పగలు తాను చేసిన అల్లరి గుర్తొచ్చి బెంగపడుతుంది కూడా. నక్కా కాకీ కథను నీతి విడిచి చెప్పినా కథకు వచ్చే లోటేమీ లేదు.

చెప్పే తీరు గురించి కూడా ఒక మాట. ఊ కొట్టడాన్ని వింటూ చెప్పండి. మొదట వెంటవెంటనే వచ్చే ఊ కాసేపటికి ఆలస్యమవుతుంది, తరువాత సాగుతుంది, ఆపైన వాక్యాల మధ్య మాయమవుతుంది. ఆ దశలో చాలామంది కథ ఆపేస్తారు, గొంతు ఆగిన క్షణానే పిల్లలు కళ్లు తెరుస్తారు. ఆపకుండా, గొంతు తగ్గించి, వర్ణనలు వదిలేసి, ఇంకొంతసేపు అదే వరుసను నెమ్మదిగా నడిపించాలి. కథ అయిపోయినా నిద్ర రాకపోతే కొత్తది ఎత్తుకోకండి, అదే మళ్లీ మొదటినుంచి ఇంకా నిదానంగా చెప్పండి.

ఏడెనిమిదేళ్లు దాటిన పిల్లలు గొలుసుకథలను చిన్నపిల్లలవని తోసిపుచ్చి సాహస కథలు కావాలంటారు. కాదనకండి, రోజుకు కొంత చొప్పున చెప్పవచ్చు. అయితే పత్రికల్లో వచ్చే సీరియల్ మాదిరిగా రాక్షసుడు తలుపు తట్టిన చోట ఆపకుండా, ఆ పూటకు ఆపద గడిచి, రాకుమారుడు ఏదో ఒక సత్రం చేరి గుర్రాన్ని కట్టేసిన తరువాతే ఆపండి.