కాలు అతుక్కుంది.. బరువు మాత్రం తగ్గడం లేదు!

ప్రశ్న: నా వయసు 41. ఎత్తు 158 సెంటీమీటర్లు. ప్రైవేటు పాఠశాలలో టీచర్‌గా పనిచేస్తున్నాను. తొమ్మిది నెలల క్రితం స్కూటర్ మీద నుంచి పడి కుడి చీలమండ విరిగింది. ఆపరేషన్ చేసి ప్లేటు, స్క్రూలు వేశారు. రెండు నెలలు కాలు కింద మోపలేదు. ప్రమాదానికి ముందు 64 కిలోలుండే నేను ఇప్పుడు 74 కిలోలయ్యాను. మూడు నెలలుగా రోజూ పొద్దున అరగంట నడుస్తున్నాను. ఉదయం రాగి జావ, మధ్యాహ్నం కప్పు అన్నంలో కూర, రాత్రి రెండు చపాతీలు.. ఇంతే. ఎముక బలానికని మా అత్తయ్య చేసిపెట్టే డ్రైఫ్రూట్ లడ్డూ, పడుకునే ముందు బాదం పాలు మాత్రం మానలేదు. పాదంలో తిమ్మిర్లు, మంటలు ఉంటే ప్రిగాబాలిన్ మాత్ర రాశారు, ఇప్పటికీ వాడుతున్నాను. సాయంత్రానికి రెండు పాదాలూ వాస్తున్నాయి. బరువు కిలో కూడా తగ్గలేదు. రాత్రి భోజనం పూర్తిగా మానేయమంటారా? బరువు తగ్గించే ఇంజెక్షన్లు తీసుకోవచ్చా?
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: రాత్రి భోజనం మానొద్దు. దానికంటే ముందు చూడాల్సింది మీరు వాడుతున్న మాత్రను.

ప్రిగాబాలిన్ నరాల నొప్పికి మంచి మందే. కానీ కొందరిలో ఆకలిని, బరువును పెంచుతుంది. పాదాల వాపు, పగటిపూట మత్తు కూడా దాని దుష్ఫలితాల్లో ఉన్నాయి. ఆపరేషన్ జరిగిన పాదం ఒక్కటే వాస్తుంటే గాయం ప్రభావం అనుకోవచ్చు. మీకు రెండూ వాస్తున్నాయి కాబట్టి మందును అనుమానించక తప్పదు. ఆపరేషన్ తర్వాత రాసిన చీటీనే మందుల షాపులో చూపించి నెలల తరబడి తెచ్చుకునేవాళ్లు మన దగ్గర చాలామందే ఉన్నారు. ఆ మందు ఇంకా అవసరమా అని మళ్లీ వెళ్లి అడిగేవాళ్లు తక్కువ. మీరు అడగండి. తిమ్మిర్లు తగ్గి ఉంటే డాక్టరే మోతాదు తగ్గిస్తూ ఆపిస్తారు, తగ్గకపోతే వేరే మందు ఆలోచిస్తారు. మీరు బరువుతో ఇబ్బంది పడుతున్నారన్న సంగతి అప్పుడే చెప్పండి. ఎందుకంటే దీనికి బదులుగా తరచూ రాసే అమిట్రిప్టిలిన్ కూడా బరువు పెంచేదే. ఒక్క జాగ్రత్త: ఇది చదివి మీ అంతట మీరు ఒక్కసారిగా మాత్ర ఆపేయకండి. నిద్ర పట్టకపోవడం, వికారం, చెమటలు, ఆందోళన వంటివి రావచ్చు. కనీసం వారం పాటు కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి.

ఇక కండరాల సంగతి. రెండు నెలలు నేలకు ఆనని కాలిలో పిక్క, తొడ కండరాలు సన్నబడతాయి. టేపు తీసుకుని రెండు పిక్కలనూ బాగా లావుగా ఉన్నచోట కొలిచి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. కండ తగ్గితే ఒంట్లో క్యాలరీల ఖర్చు పడిపోతుందని, అందుకే బరువు తగ్గడం లేదని అందరూ చెబుతుంటారు. అందులో సగమే నిజం. విశ్రాంతిలో ఉన్నప్పుడు కిలో కండ రోజుకు ఖర్చుచేసేది పదమూడు క్యాలరీల చుట్టూ మాత్రమే. అసలు నష్టం వేరే దారిలో జరుగుతుంది. కాలిలో బలం లేనప్పుడు మనిషి తనకు తెలియకుండానే కదలడం తగ్గించేస్తాడు. ప్రమాదానికి ముందు మీ రోజును గుర్తుచేసుకోండి. తరగతిలో నిలబడి పాఠం చెప్పడం, పీరియడ్ పీరియడ్‌కూ మెట్లెక్కి దిగడం, ఇంటి పనులు.. వీటిలో ఎన్ని ఇప్పుడు కుర్చీలో కూర్చుని చేస్తున్నారు? ఎన్ని వేరేవాళ్లు చేసిపెడుతున్నారు? రోజంతా పోగయ్యే ఆ చిన్న చిన్న కదలికల ముందు పొద్దుటి అరగంట నడక చాలా చిన్నది. మీ బరువుకు మామూలు వేగంతో అరగంట నడిస్తే ఖర్చయ్యేది సుమారు 110 క్యాలరీలు.

ఇప్పుడు లడ్డూ వైపు వెళ్దాం. అత్తయ్య గారు నొచ్చుకోకూడదు గానీ, నెయ్యి, ఖర్జూరం, జీడిపప్పు కలిసిన ఓ మోస్తరు లడ్డూ 150 క్యాలరీలకు పైమాటే. చక్కెర వేసిన బాదం పాలు గ్లాసుకు 200 వేసుకోండి. ఈ రెండూ కలిస్తే నడక ఖర్చుకు మూడింతలు! ఎముక విరిగిన ఇంట్లో నల్లేరు పచ్చడి, మేక కాళ్ల సూపు, నువ్వుల ఉండలు వరుస కట్టడం మనకు అలవాటే. అందులో ప్రేమ ఉంది, కాస్త కాల్షియమూ ఉంది. కానీ ఎక్స్‌రేలో ఎముక అతుక్కుందని ఆర్థోపెడిక్ డాక్టర్ చెప్పాక వాటిని కొనసాగించాల్సిన పని లేదు. చక్కెర లేని గ్లాసు పాలు చాలు.

విచిత్రమేమిటంటే, మీ భోజనంలో క్యాలరీలు అక్కడ పెరుగుతుంటే ప్రొటీన్ ఇక్కడ తరుగుతోంది. మీరు రాసిన దాన్నిబట్టి లెక్కేస్తే రోజుకు 30 నుంచి 35 గ్రాములు దాటడం లేదు. పోయిన కండ మళ్లీ రావాలంటే మీకు 60 గ్రాములైనా కావాలి. జావ బదులు ఉదయం తక్కువ నూనెతో రెండు పెసరట్లు వేసుకోండి. మధ్యాహ్నం అన్నం ఆ కప్పే ఉంచి, గట్టి పప్పు ఒక కప్పు, పెరుగు చేర్చండి. రాత్రి చపాతీలతో వంద గ్రాముల చికెన్ గానీ చేప గానీ, శాకాహారులైతే మీల్‌మేకర్ కూర గానీ తినండి. ఇందులో నాకు ఖరీదైన పొడి డబ్బాల అవసరం కనిపించడం లేదు. అన్నం మానేసి చపాతీ తింటే సన్నబడతామన్నది మాత్రం వట్టి భ్రమ. బియ్యం, గోధుమపిండి రెండూ వంద గ్రాములకు 350 క్యాలరీల దరిదాపులోనే ఇస్తాయి, పైగా చపాతీకి నూనె తోడవుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లోనూ రోజు మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించొద్దనే చెప్పారు. అన్నమా, చపాతీయా అన్న పట్టింపు వదిలేసి కంచంలో పప్పు, కూర పెరిగేలా చూసుకోండి.

నడకను ఆపకండి, కానీ దానికి బలం పెంచే వ్యాయామం తోడవ్వాలి. ఫిజియోథెరపిస్ట్‌ను ఒకసారి కలిసి చీలమండ కదలిక ఎంతవరకు వచ్చిందో చూపించుకుని మొదలుపెట్టండి. చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడ పట్టుకుని రెండు మడమలూ ఎత్తి దించడం, వెల్లకిలా పడుకుని నడుము పైకెత్తడం, రబ్బరు బ్యాండుతో పాదాన్ని నాలుగు వైపులా లాగడం.. వారానికి మూడు రోజులు చాలు. ఒకప్పుడు బడిలో శిక్షగా వేయించిన గోడకుర్చీ కూడా తొడలకు మంచి వ్యాయామమే, మోకాళ్లు నొప్పి పెట్టనంత ఎత్తులో ఆగితే సరి. గాయమైన కాలి మీద ఒంటరిగా నిలబడి, నొప్పి లేకుండా మడమ ఎత్తగలిగే వరకు తాడాట, గెంతులుండే జుంబా వద్దు. చెమట పట్టే వ్యాయామం కావాలనిపిస్తే కదలని సైకిల్ తొక్కండి. బడిలో ప్రతి పీరియడ్‌కూ పది నిమిషాలు నిలబడి చెప్పడంతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుకోండి.

కొత్తగా ఇలాంటి వ్యాయామం మొదలైనప్పుడు కండరాల్లో నీరు చేరి, మొదటి రెండు మూడు వారాలు బరువు కదలకపోవచ్చు, కాస్త పెరగనూవచ్చు. నెలసరి ముందూ అంతే. కంగారుపడకుండా వారానికోసారి ఉదయం పరగడుపున చూసుకుని, దాని పక్కనే నడుము చుట్టుకొలత రాసుకోండి. ఆడవాళ్లకు అది 80 సెంటీమీటర్ల లోపు ఉండాలి. మూడు నెలల్లో నాలుగు కిలోలు తగ్గితే నేను సంతోషిస్తాను, మీరూ సంతోషించండి. మీ బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువుందా లేదా చెప్పే లెక్క) ప్రమాదానికి ముందే 25 దాటింది, ఇప్పుడు 29.6 ఉంది. మన భారతీయులకు 23 దాటితేనే అధిక బరువు కింద లెక్క.

థైరాయిడ్ తీరు తెలిపే టీఎస్‌హెచ్, మూడు నెలల సగటు షుగర్, విటమిన్ డి, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్షలు చేయించండి. థైరాయిడ్ లోపం బయటపడినా పది కిలోలూ దాని ఖాతాలో వేయకండి, సాధారణంగా దానివల్ల పెరిగేది కొద్ది కిలోలే.

ఇంజెక్షన్ల గురించి అడిగారు. సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ వంటివి బీఎంఐ 30 దాటినవారికి, లేదా 27 దాటి షుగర్, బీపీ లాంటి సమస్యలున్నవారికి సూచిస్తారు. వాటితో తగ్గే బరువులో కొవ్వుతో పాటు కండ కూడా కొంత పోతుంది. ఇప్పటికే కండ పోగొట్టుకున్న కాలితో మీరు ముందుగా ఆ దారి పట్టడం నాకు నచ్చదు. మాత్ర సంగతి తేల్చుకుని, ఈ మార్పులతో నాలుగు నెలలు గడిపాక పరీక్షల రిపోర్టులతో ఎండోక్రైనాలజిస్ట్‌ను (హార్మోన్ల డాక్టర్‌ను) కలిస్తే అప్పుడు ఆలోచించవచ్చు. ఈలోగా ఒక కాలి పిక్క మాత్రమే హఠాత్తుగా వాచి నొప్పి పుట్టినా, ఆయాసం వచ్చినా రక్తం గడ్డ కట్టిందేమో చూడాలి. అలాంటప్పుడు ఆలస్యం చేయకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.