వాచీ 'ఏఫిబ్' అని చూపించింది, 400 కిలోమీటర్ల బ్రెవేకు వెళ్లవచ్చా?

మీకు 49 ఏళ్లు, పదేళ్లుగా దూరపు సైక్లింగ్ చేస్తున్నారు, విశ్రాంతిలో నాడి నిమిషానికి 46. 300 కిలోమీటర్ల బ్రెవే (గడువులోపు పూర్తిచేయవలసిన దూరపు సైకిల్ ప్రయాణం) ముగించి వచ్చిన రాత్రి భోజనం చేసి పడుకోగానే గంటసేపు గుండె దడ వచ్చింది, వాచీ ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (ఏఫిబ్, అంటే గుండె పై గదులు లయ తప్పి అదరడం) అని హెచ్చరించింది, నెలన్నరలో 400 ఉంది. మీరు రాసినదాని సారాంశం ఇది. నేను వైద్యుణ్ని కాను. హైదరాబాద్‌లో చాలాకాలంగా బ్రెవేలు తొక్కుతూ, యాభై దాటాక ఇదే సమస్యకు చికిత్స తీసుకుని, ఇప్పటికీ తొక్కుతున్నవాణ్ని. ఆ మేరకే నా మాటలకు విలువ ఇవ్వండి.

400 సంగతి తేలాలంటే ఆ రాత్రి మీ గుండెలో నడిచిన లయ ఏదో ముందు తేలాలి. వాచీ వెనుక ఉండే పచ్చ లైటు చర్మం కింది రక్తప్రవాహాన్ని బట్టి నాడిని అంచనా వేస్తుంది. పట్టీ వదులైనా, గతుకుల రోడ్డు మీద చేయి అదిరినా ఆ అంచనా తప్పుతుంది. ఈసీజీ తీసే సౌకర్యం మీ వాచీలో ఉంటే దడ వచ్చినప్పుడే 30 సెకన్ల నమోదు తీసి దాచండి; వైద్యులకు హెచ్చరిక కన్నా ఆ గీతలే ఎక్కువ పనికొస్తాయి. నన్ను చూసిన వైద్యురాలు ఈసీజీ కాగితం మీద రెండు సూదుల కొలత పరికరంతో ఒక విరామాన్ని కొలిచి, అదే దూరాన్ని పక్కకు జరుపుతూ పోయారు. తర్వాతి బీటు ప్రతిసారీ సూదికి ముందో వెనకో పడింది. పెద్ద గీతకు ముందు ఉండవలసిన చిన్న 'పి' తరంగం ఎక్కడా లేదు. అప్పుడే ఆవిడ ఏఫిబ్ అని ఖాయం చేశారు. అలా కాకుండా అప్పుడప్పుడు ఒక బీటు ముందుగా పడి, చిన్న విరామం తర్వాత లయ మామూలుగా సాగితే అవి ఎక్టోపిక్ బీట్లు కావచ్చు. గుండె నిర్మాణం బాగున్నవారిలో వాటికి సాధారణంగా భయపడవలసిన పని ఉండదు.

హోల్టర్ (ఒంటికి తగిలించుకుని తిరిగే, రోజంతా ఈసీజీ నమోదు చేసే పరికరం) పెడితే, వైద్యులు ఒప్పుకున్న పక్షంలో, ఆ రోజు కాస్త సైకిల్ తొక్కండి. నేను దానితోనే అనంతగిరి ఘాట్ ఎక్కాను. చెమటకు అతుకులు ఊడతాయని ముందే చెప్పడంతో టెక్నీషియన్ ఛాతీ మీద జుట్టు గీసి, పైన అదనంగా టేపు వేశారు. ఎక్కుడులో గుండె 160 దాటినా లయ చెదరలేదు. రాత్రి భోజనం చేసి పడుకుని, నాడి నలభైల్లోకి దిగాకే ఏఫిబ్ మొదలైంది. మీరు చెప్పిన వేళ కూడా అదే. దీర్ఘకాలం శిక్షణ చేసినవారిలో గుండెను నెమ్మదింపజేసే వేగస్ నాడి ప్రభావం బలంగా ఉంటుంది. నిద్రలోనూ, నిండు భోజనం తర్వాతా, గట్టి శ్రమ ముగిసిన వెంటనేనూ అది మరింత పెరుగుతుంది. అందుకే తొక్కుతున్నంతసేపూ ఏమీ లేదు కదా అన్న ధీమా పనికిరాదు.

వ్యాయామం చేసేవారికి గుండెజబ్బు ఏమిటని మా ఇంట్లోనూ అడిగారు. స్వీడన్‌లో 90 కిలోమీటర్ల వాసలోపెట్ స్కీ పందెం ఉంది. 1989 నుంచి 1998 దాకా దాన్ని పూర్తిచేసిన 52,755 మంది మీద జరిగిన అధ్యయనం 2013లో వెలువడింది. ఒకసారి పూర్తిచేసినవారితో పోలిస్తే, అయిదు లేదా అంతకన్నా ఎక్కువసార్లు పూర్తిచేసినవారిలో ఏఫిబ్ దాదాపు 29 శాతం అధికంగా కనిపించింది. ఏళ్ల తరబడి గంటలకొద్దీ పెరిగిన రక్తప్రవాహాన్ని మోసి కర్ణికలు (గుండె పై గదులు) సాగడం, వాటి గోడల్లో మచ్చ కణజాలం ఏర్పడడం ఇందుకు కారణాలుగా చెబుతారు. మితమైన వ్యాయామం మాత్రం ఏఫిబ్ ముప్పును తగ్గించేదే కాబట్టి, ఈ లెక్క చూపించి నడక కూడా మాన్పించే బంధువుల మాట వినకండి.

అయితే అంతా సైకిల్ మీదకే తోసేయకూడదు. థైరాయిడ్ పరీక్ష, బీపీ, ఎకో (గుండె అల్ట్రాసౌండ్) తప్పనిసరిగా చేయించండి. మన దేశంలో చిన్నప్పటి రుమాటిక్ జ్వరం వల్ల మైట్రల్ కవాటం దెబ్బతిన్నవారు ఇప్పటికీ తక్కువేమీ కాదు, అటువంటివారికి మందులే వేరు. గురక ఉంటే నిద్రలో శ్వాస ఆగుతోందేమో చూపించుకోండి. మద్యం అలవాటుంటే ముందుగా దాన్ని మానడం మంచిది.

పక్షవాతం ముప్పు లెక్క వేరుగా వేస్తారు. వయసు, బీపీ, మధుమేహం, గుండె వైఫల్యం, రక్తనాళాల జబ్బు, గతంలో పక్షవాతం వంటివాటిని చాడ్స్-వాస్క్ అనే పట్టికలో కూడతారు. మీరు 600 తొక్కగలరన్న దానికి అందులో మార్కులు లేవు. ఇవేవీ లేకపోతే మీ వయసులో రక్తం గడ్డకట్టకుండా మందు సాధారణంగా అవసరం పడదు, నిర్ణయం మాత్రం వైద్యులదే. ఆ మందు మొదలుపెడితే సైక్లిస్టు మరికొంత జాగ్రత్తగా ఉండాలి: పడి తలకు దెబ్బ తగిలితే, బాగానే ఉన్నట్టు అనిపించినా ఆసుపత్రికి వెళ్లాలి, మందు పేరు రాసిన కార్డు జెర్సీ జేబులో ఉండాలి. కంట్రోల్ పాయింటు (దారిలో హాజరు వేయించుకునే చోటు) దగ్గర తోటివారు ఇచ్చే డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలు వేసుకోకూడదు.

చికిత్స విషయంలో నా అనుభవం మీకు యథాతథంగా వర్తించకపోవచ్చు. బీటా బ్లాకర్ (గుండె వేగాన్ని తగ్గించే మందు) చిన్న మోతాదులో ఇచ్చి చూశారు; అసలే నెమ్మదిగా ఉన్న గుండె ఇంకా నెమ్మదించి ఎక్కుళ్లలో కాళ్లు కదలలేదు, వారే ఆపించారు. చివరికి అబ్లేషన్ (గుండెలోకి పంపిన తీగతో తప్పుడు సంకేతాల దారిని అడ్డుకునే చికిత్స) చేయించుకున్నాను. ఏఫిబ్‌ను రేపే విద్యుత్ సంకేతాలు ఎక్కువగా ఊపిరితిత్తుల సిరల మొదళ్ల నుంచే వస్తాయని బోర్డోలో మిషెల్ హైసాగెర్ బృందం 1998లో చూపించింది, ఈ చికిత్సకు అదే పునాది. తొడ మొదట్లోని సిరగుండా తీగ పంపుతారు కనుక కొన్ని వారాలు సీటు మీద కూర్చోనివ్వరు. మొదటి రెండు మూడు నెలల్లో దడ మళ్లీ వచ్చినా విఫలమైందని తేల్చేయరు.

ఇప్పుడు 200లు మాత్రమే తొక్కుతున్నాను, అదీ పక్కవారితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే వేగంలో. రైడ్ ముగిశాక బిర్యానీ తిని నేరుగా పడుకునే పద్ధతి మానేసి, ఓఆర్‌ఎస్ తాగి, కొద్దిగా తిని, కాసేపు అటూఇటూ నడుస్తాను. భారం తగ్గించినందుకే కొందరికి దడ రావడం తగ్గుతుంది, అందువల్ల అబ్లేషన్‌కు ముందు కొన్ని నెలలు తగ్గించి చూడమని అంటారు.

మీ 400కు గడువు 27 గంటలు. అంటే నిద్రలేని రాత్రి ఒకటి ఖాయం. ఈసీజీ, ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్షలు పూర్తయి, హృద్రోగ నిపుణులు, వీలైతే ఎలక్ట్రోఫిజియాలజిస్టు (గుండె లయ సమస్యల నిపుణులు) సరేననేదాకా దాన్ని వదిలేయమనే నా సలహా. నమోదు రుసుము పోతే పోనివ్వండి, వచ్చే సీజనులోనూ 400 ఉంటుంది. ఈలోగా తేలికగా తొక్కవచ్చో లేదో కూడా వారినే అడగండి. తొక్కుతుండగా కళ్లు తిరిగి పడిపోయినా, ఛాతీ నొప్పి వచ్చినా, మూతి వంకరపోవడం, చేయి లేవకపోవడం, మాట తడబడడం వంటివి కనిపించినా ఇంటికి వెళ్లి చూద్దామనుకోకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.